నది దాటిన సలాక్ చెట్టు

లంపూన్ ఊళ్ళో సలాక్ అనే చీటీల దానపు పండుగనాడు ఆడవాళ్ళందరి నోటా ఒకటే ప్రశ్న వినబడుతుంది. "నా చీటీ ఎవరి దగ్గరుంది స్వామీ?"

తెల్లవారగానే హరిపున్‌చై పెద్ద గుడిలో దాతలు రాసిన చీటీలన్నీ బుద్ధుడి ముందు రాశి పోసి కలిపేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన భిక్షువులకు తలా ఓ కట్ట పంచుతారు. ఎవరి చీటీ ఎవరి చేతికి వెళ్ళిందో ఇచ్చినవాళ్ళకీ తెలియదు, పుచ్చుకున్నవాళ్ళకీ తెలియదు. నచ్చిన స్వామికి పెట్టుకుంటాను, నచ్చని స్వామికి పెట్టను అంటే ఇక్కడ కుదరదు. చీటీ పట్టిన స్వామి చెట్టు ముందు నిలబడి దాన్ని పైకి చదివి, చెట్టు మీద ఉన్నదంతా పుచ్చుకుంటే దానం పూర్తయినట్టు.

చెట్టంటే నేలలో మొలిచిన చెట్టు కాదు. పొడుగాటి వెదురు బొంగుకు గడ్డి చుట్టి, ఆ గడ్డిలో పుల్లలు గుచ్చి, ఒక్కో పుల్లకీ దువ్వెనలు, అద్దాలు, సూదులు, దారపు ఉండలు, తువాళ్ళు, పలకలు, సబ్బులు వేలాడదీస్తారు. కొనకి గొడుగు కడతారు. మొదలు దగ్గర చాప, దిండు, కుండ పెడతారు. యోంగ్ కులపు ఆడపిల్ల పెళ్ళికి ముందు జన్మకొక్కసారి ఎత్తే చెట్టు అది. ఎత్తిన పిల్లని ఇల్లు నడపగలదని నమ్మేవారు. ఎత్తని పిల్లని అడగడానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు.

బువాలై తన చెట్టు ఇరవయ్యో ఏట ఎత్తింది. ఇప్పుడామెకి డెబ్బై రెండు. ఈ ఏడు ఎత్తిన చెట్టు ఆమెది కాదు, ఆమె అక్క కమ్‌నోయ్‌ది.

కమ్‌నోయ్ నాలుగేళ్ళు దూది ఏకి, నూలు వడికి, నేసి మూడు పెట్టెలు నింపింది. వెదురు కొట్టించి నీడన ఆరబెట్టింది. పండుగ ఇంకా నెల ఉందనగా జ్వరం వచ్చి పదకొండు రోజుల్లో పోయింది. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు, బువాలైకి పదకొండు. పెట్టెల్లోని బట్టలన్నీ తల్లి కేవ్, కూతురి దినాలకి వచ్చిన భిక్షువులకి ఇచ్చేసింది. వెదురు పాకకి గుంజ అయింది. మిగిలింది చీటీ ఒక్కటే, జానెడు తాటాకు ముక్క. తండ్రి పింగ్ పెళ్ళికి ముందు కొన్నేళ్ళు భిక్షువుగా ఉన్నవాడు కనుక పెద్దకూతురికి గంటంతో గుడి లిపి, అంటే గ్రంథాల పాత లిపి, రాయడం నేర్పాడు. ఆడపిల్లకి గుడి లిపి దేనికని ఊరు నవ్వితే, "నా చీటీ నేనే రాసుకోవడానికి" అనేదట కమ్‌నోయ్.

ఆ చీటీలో ఏముందో బువాలైకి తెలియదు. ఆమెకి ఆ లిపి రాదు. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు కదా అంటే, తల్లి పోతూ పోతూ చెప్పిన మాట అడ్డం వచ్చేది. "స్వామి నోట పడకముందు మనం వింటే అది ఎంగిలి నైవేద్యమే." అక్షరం కూడా ఎంగిలవుతుందా అని బువాలైకి చాలాసార్లు అనుమానం వచ్చింది. అయినా అనుమానం తనది, మాట అమ్మది. అరవై ఒక్క ఏళ్ళు ఆ తాటాకుని బట్టల అడుగున దాచింది. చచ్చిపోయిన పిల్ల పేర చెట్టు ఎత్తవచ్చా అని పోయిన ఏడు ధైర్యం చేసి గుడి పెద్దస్వామిని అడిగింది. ఆయన, "ఇవ్వాలనుకున్నది ఆ పిల్లే కదా, ఇవ్వనీ" అన్నాడు. ఏడాది పొడుగునా నేసింది, కట్టింది, ఎత్తింది. చీటీని ఆ రాశిలో వేసేటప్పుడు చెయ్యి ఒకంతట విడవలేదు.

ఇప్పుడు పదకొండవుతోంది. ఆమె చెట్టు దగ్గరికి ఎవరూ రాలేదు.

పక్క చెట్టు సీనువాన్‌ది. అంటే ఆమె మనవరాలిది. సీనువాన్, బువాలై ఒకే వీధివాళ్ళు, ఒకే ఈడువాళ్ళు, పలక పట్టిన నాటి నుంచీ పోటీలు పడ్డవాళ్ళు. సీనువాన్ మనవరాలి చీటీ అట్ట మీద అచ్చు వేయించింది. పేరు, వరస నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఎనిమిదింటికల్లా ఓ స్వామి ఫోన్ చేసి మరీ వచ్చాడు.

"చెప్తే విన్నావా? వరస నంబరు రాయవే అన్నానా లేదా?" అంది సీనువాన్ ఊరేసిన తేయాకు బుగ్గన పెట్టుకుంటూ.

"అక్క రాసినదాని మీద నేను గీతలు గీయనా?"

"వెనకవైపు గియ్యొచ్చు."

"వెనకవైపు మాత్రం అక్కది కాదా?"

"మీ వంశమే అంత. బుద్ధుడు ఎదురొచ్చినా చిరునామా ఆయన్నే వెతుక్కోమంటారు."

అంతలో మైకు గరగరలాడింది. గుడిలో పండుగ పనులన్నీ చూసే తవీ ఏటా చెప్పేదే మళ్ళీ చెప్పాడు. మూడింటికి డప్పు మోగుతుంది. అప్పటికి స్వామి దొరకని చెట్లన్నీ బుద్ధుడి వాటా. విప్పి కొట్లో వేస్తారు. వాటికి చీటీ చదవడం ఉండదు.

"బుద్ధుడి వాటా అంటే అంత తీసిపోయిందేమీ కాదులే" అంది సీనువాన్, కాస్త మెత్తగా.

"నాకైతే తీసిపోలేదే నువాన్. నా చెట్టయితే దండం పెట్టి ఇంటికి పోయి పడుకుందును. కానీ అక్క పేరు ఈ నేల మీద పది మంది చెవుల్లో పడి అరవయ్యేళ్ళు దాటింది. ఒక్కసారి, ఒక్క స్వామి నోట పడాలి." బువాలై లేచి నేత పావడా దులుపుకుంది. "వెతుక్కుంటాను."

భిక్షువులు ఆవరణ అంతా చాపలు పరుచుకుని వరసలుగా కూర్చుని ఉన్నారు. బువాలై ఒక్కో చాప ముందూ వంగి అదే ప్రశ్న అడుగుతూ పోయింది. అట్టలూ, రంగు కాగితాలూ, బడి పుస్తకంలోంచి చింపిన ముక్కలూ చూపించారు గానీ తాటాకు ఎవరి దగ్గరా లేదు. నలభయ్యో చాప మీద కొండ ఊరి నుంచి వచ్చిన నడివయసు స్వామి నవ్వాడు.

"పురుగులు పాకినట్టు రాసిన తాటాకేనా అమ్మా?"

"మా అక్క రాత స్వామీ అది."

"తప్పు తప్పు. పురుగులంటే మావైపు పట్టుపురుగులు" అన్నాడాయన వెంటనే సర్దుకుని. "నాకొచ్చింది. తిరగేసి చూసినా బోధపడలేదు. సాన్ మువాంగ్ గుడి చిన్నస్వామి పెద్ద చదువులు చదివాడని అతనికిచ్చాను. పొద్దున్నే తన గుడికి వెళ్ళిపోయాడు."

బువాలై గుడి ద్వారం దగ్గరికి వచ్చేసరికి కాలి రిక్షా తొక్కే పన్ ఎదురుపడ్డాడు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో మిగిలిన ఆఖరి రిక్షాల్లో అతనిదొకటి.

"ఎక్కు పెద్దమ్మా. పండుగనాడు మీరు చీటీలు వెతుక్కుంటారు, నేను మిమ్మల్ని వెతుక్కుంటాను."

"సాన్ మువాంగ్ గుడికి పోనియ్యి తమ్ముడూ, తొందరగా."

రిక్షా కదిలిందో లేదో వెనకనుంచి "ఆగవోయ్!" అని కేక. సీనువాన్ చేతిలో చెప్పులు పట్టుకుని పరిగెత్తుకొచ్చి బువాలై పక్కన ఇరికింది.

"నువ్వెందుకే?"

"నీకు అడ్డంగా ఓ మాట అనేవాళ్ళు లేకపోతే నీకు తోచదు కదా, అందుకు."

"ఇద్దరమ్మల బరువుకి నా బండి ఇరుసు విరిగితే?" అన్నాడు పన్.

"నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటాలే, తొక్కు."

పాత అంగడి వీధి టేకు ఇళ్ళ మధ్యనుంచి బండి పోయింది. ఈ వీధిలో పుట్టి పెరిగినా సాన్ మువాంగ్ గుడి మెట్లు ఎక్కి ఎన్నేళ్ళయిందో బువాలైకి లెక్క తెలియలేదు. రోజూ పెద్ద గుడికే వెళుతుంది, అలవాటు. బుద్ధుడు అన్ని గుళ్ళలో ఒక్కడే అని నోటితో అంటాం, కాళ్ళు మాత్రం ఒక్క గుడికే పోతాయి, ఎందుకో అనుకుంది. లోపల చల్లగా ఉంది. స్తంభాల మీద లక్క పూసి దిద్దిన బంగారు పూలు సగం రాలిపోయాయి. మిగిలినవి మాత్రం నిన్న దిద్దినట్టున్నాయి. చిన్నస్వామి మెట్ల మీద కుక్కకి జిగురన్నం పెడుతున్నాడు.

"చదవడానికి చాలా ప్రయత్నించానమ్మా. ఫోన్‌కి చూపించాను" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఏమంది ఫోను?"

"బర్మావాళ్ళ వంటల పుస్తకం అంది."

సీనువాన్ భుజం మీది కండువా నోటికి అడ్డం పెట్టుకుంది. బువాలైకి నవ్వు రాలేదు.

"పా ఖామ్ గుడిలో బోధకస్వామి ఆదివారాలు ఈ లిపి నేర్పుతాడు. ఆయనకి పంపాను. నేనూ వెళ్ళి నేర్చుకుందామనుకుంటూనే ఉన్నాను" అన్నాడు చిన్నస్వామి.

పా ఖామ్ గుడి ఊరికి పడమట, తామర కందకం దాటాక ఉంది. అక్కడ ఇటుక స్తూపం అంచెలంచెలుగా పైకి లేచి ఉంటుంది. ఒక్కో అంచెలో నిలువెత్తు బుద్ధులు. వానలకి ముక్కులు అరిగినా పెదవుల మీద నవ్వు చెక్కు చెదరలేదు. బువాలై నడుస్తూనే ఒక్కొక్కరికీ చెయ్యెత్తి మొక్కింది. అరవై మంది ఉంటారు. సీనువాన్ "అందరికీ కలిపి ఒకటే పెట్టవే, టైమవుతోంది" అంటున్నా వినలేదు.

బోధకస్వామి విషయం వినగానే తలూపాడు. "చదివాను."

బువాలై చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "అంతా చదివేశారా స్వామీ?"

"లేదు. ఇంటి గుర్తు వరకే. ఆ తర్వాతది దానపు మాట, చెట్టు ముందు తప్ప చదవకూడదు. అందుకని మూసేశాను." ఆయన కాస్త విసుగ్గానే అన్నాడు. "ఇంటి గుర్తేం రాశారమ్మా! 'చింతచెట్టుకి ఉత్తరాన ఇల్లు, పింగ్ కూతురు, కేవ్ కూతురు'. వరస లేదు, నంబరు లేదు. నేనీ ఊరికొచ్చి పన్నెండేళ్ళు. ఏ చింతచెట్టు? ఎవరీ పింగ్?"

బువాలైకి అప్పుడు తట్టింది. ఆ రోజుల్లో చెట్టు ఎత్తిన పిల్లలు ఊరంతా కలిపి పాతిక మంది. ఏ ఇల్లు ఎక్కడుందో ప్రతి స్వామికీ తెలుసు. ఇవాళ మూడు వందల చెట్లున్నాయి. తెలిసిన ఊరికి రాసిన చీటీని తెలియని ఊరి చేతిలో పెట్టింది తను. తప్పు అక్కది కాదు, తనదే. సీనువాన్ సందు దొరికినా 'చెప్తే విన్నావా' అనలేదు. అదే ఎక్కువ పొడిచింది.

"ఎక్కడుంది స్వామీ ఇప్పుడది?"

"నది అవతల రోంగ్ చాన్ గుడి తాతస్వామికి పంపాను. తొంభై ఏళ్ళు దాటాయి. పాత ఊళ్ళో ఏ ఇల్లు ఎవరిదో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వానాకాలం మొదట్లో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. పండుగకి రాలేకపోయారు."

ఒంటిగంట దాటింది. పన్ ఇనుప వంతెన మీద సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. కువాంగ్ నది నిండుగా, ఎర్రగా పారుతోంది.

రోంగ్ చాన్ చిన్న చెక్క గుడి. తాతస్వామి వసారాలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. గుండెల మీద తాటాకు ఉంది.

దాన్ని చూడగానే బువాలై మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టింది.

"చింతచెట్టు ఇంటి పిల్లవా?" అన్నాడాయన తల తిప్పి.

"చిన్నపిల్లని స్వామీ."

"ఆ చెట్టు కాయలు నేను చిన్నప్పుడు దొంగిలించాను. మీ తాత రాళ్ళేసేవాడు. ఒకటి తగిలింది కూడా."

"మా అక్క గుర్తుందా స్వామీ? కమ్‌నోయ్. నూలు బాగా వడికేది."

తాతస్వామి తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. పింగ్ గుర్తున్నాడు. పిల్లలు ఆ వీధిలో చాలామంది ఉండేవాళ్ళు. ఈ వయసులో అబద్ధమాడి నిన్ను సంతోషపెట్టలేను."

బువాలైకి చిత్రంగా ఆ మాట వినగానే ఒళ్ళు తేలికైంది. ఎవరికీ గుర్తులేదు. ఇక ఈ లోకంలో అక్కని మోస్తున్నది తనొక్కతే. అయితే పని కూడా తనదే.

"చీటీ నా చేతికొచ్చింది కనుక ఇక్కడే చదివేస్తాను. చాలునా?" అన్నాడు తాతస్వామి.

"చెట్టు ముందు కదా చదవాలి?"

"ముందు అంటే ఎంత ముందు? మధ్యలో నదే కదా ఉంది."

"మిమ్మల్ని పరుపు మీద వేసి పికప్‌లో తీసుకెళ్తాం" అంది సీనువాన్.

"డాక్టరు కదలొద్దన్నాడు. దారిలో ఒక్క గుంట తగిలిందంటే మీరు నా పేర కూడా ఓ చెట్టు ఎత్తాలి."

"పోనీ, మా మనవరాలు ఫోన్లో చెట్టుని చూపిస్తుంది. మీరు ఇక్కడ చదవండి, చెట్టు అక్కడ వింటుంది."

"ఫోన్‌లో దానం పుచ్చుకోవచ్చని బుద్ధుడు చెప్పలేదు. పుచ్చుకోకూడదనీ చెప్పలేదనుకో." తాతస్వామి బువాలై వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా. చెట్టు నీది."

బువాలై ఆలోచించింది. స్వామి చదివితే చాలు, పుణ్యానికి దారీ వంతెనా అక్కర్లేదు. అది తనకీ తెలుసు. కానీ అరవై ఒక్క ఏళ్ళ కిందట కూడా అక్క నేసిన బట్టలన్నీ భిక్షువులకే అందాయి. దానం జరిగింది, చెట్టు లేవలేదు. మళ్ళీ అలాగే జరగనిస్తే ఈ ఏడాది తను కట్టిందంతా ఏమిటి?

"చెట్టు నాది కాదు స్వామీ, అక్కది" అంది లేస్తూ. "మీరు రాలేకపోతే చెట్టే వస్తుంది. చీటీ గట్టిగా పట్టుకోండి."

మెట్లు దిగేటప్పుడు సీనువాన్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఒసే, మూడు నిలువుల చెట్టు అది! బజారులో ఎలా తెస్తావే?"

"నువ్వు మోస్తావుగా."

"నేనా!" అని రెండు అడుగులు వేసి, "కుడివైపు మోస్తాను. ఎడమ భుజం నొప్పి" అంది.

పెద్ద గుడికి వచ్చేసరికి రెండుంబావు. తవీ మైకు కింద పెట్టి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"కుదరదు అక్కా. నిలబెట్టిన చెట్టు గుడి దాటడం మా తాతలనాడు కూడా లేదు."

"మీ తాతలనాడు చీటీ పట్టిన స్వామి తుంటి విరిగి మంచాన ఉండడం ఉందా?"

"అది వేరే..."

"వేరే ఎలాగ? స్వామి నడిచి చెట్టు దగ్గరికి రావాలి. రాలేనప్పుడు ఎవరు ఎవరి దగ్గరికి పోవాలో నువ్వే చెప్పు."

 తవీ అలవాటు ప్రకారం పెద్దస్వామి వైపు చూశాడు. ఆయన అరుగు మీద విసనకర్రతో విసురుకుంటూ అంతా వింటున్నాడు.

"చీటీ ఎక్కడుంటే సలాక్ దానం అక్కడే తవీ. మైకు కూడా పట్టుకెళ్ళు, దారిలో పనికొస్తుంది."

అంతే, మాట ఆవరణంతా పాకింది. తమ చెట్లు చదివించుకుని ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. రెండు వెదుళ్ళు అడ్డంగా, రెండు నిలువుగా కట్టి పీట చేశారు. చెట్టుని దాని మీద నిలబెట్టి నాలుగు వైపులా తాళ్ళు లాగి పట్టారు. కింద పదహారు భుజాలు. వాటిలో పద్నాలుగు యాభై దాటినవే. "ఓ... లేపు!" అంది సీనువాన్, ఎవరూ అడగకుండానే. చెట్టు లేచింది. దువ్వెనలు, అద్దాలు, పలకలు అన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

గుడి వెనక కప్పున్న చెక్కవంతెన దగ్గరదారి. కానీ కప్పు కింద చెట్టు పట్టదు. పడుకోబెట్టి దాటిద్దామన్నాడు తవీ.

"లేచిన చెట్టుని పడుకోబెట్టేది లేదు" అన్నారు పదిమంది ఒకేసారి. బువాలై మనసులోనూ అదే ఉంది. ఈ చెట్టు అరవై ఒక్క ఏళ్ళు పడుకునే ఉంది.

ఇనుప వంతెనే దిక్కు. అక్కడికి అంగడి వీధి గుండా పోవాలి. వీధి నిండా తీగలే, కరెంటువీ ఫోన్లవీ. మొదటి తీగ దగ్గరే చెట్టు ఆగిపోయింది. కొన గొడుగు తీగకి ఆని ఊగుతోంది. ఊరేగింపు నిలిచిపోయింది. రెండువైపులా బళ్ళు ఆగిపోయాయి. ఎండలో చెమటలు కారుతున్నాయి. తవీ గడియారం చూశాడు.

అప్పుడు పన్ రిక్షా దిగి, "లంగన్ పళ్ళ తోటల్లో ఏం చేస్తాంరా మనం?" అని కేకేశాడు. కాయలు విరగకాసినప్పుడు కొమ్మలు విరగకుండా ఈ ఊళ్ళో ప్రతి తోటలోనూ పంగల వెదురు కర్రలతో పోటు పెడతారు. పంట అయిపోయింది కనుక ఆ కర్రలన్నీ ఇళ్ళ గోడలకి ఆనించి ఉన్నాయి. అయిదు నిమిషాల్లో ఇరవై కర్రలొచ్చాయి. కిరాణా కొట్టు చైనా ఆయన, మంగలి, నూడిల్స్ బండి దగ్గర తింటున్నవాళ్ళు, అందరూ తలో పంగతో తీగలు పైకెత్తి నిలబడ్డారు. చెట్టు తల వంచకుండా కింద నుంచి దూరింది. వెళ్ళిన వెంటనే కర్రలవాళ్ళు పరిగెత్తి మళ్ళీ ముందుకి.

"తీగ! తీగ! ఎత్తండి! మంగలన్నా, నీ పంగ వంకరగా ఉంది!" తవీ మైకులో అరుస్తున్నాడు. ఏ ఏటి పండుగలోనూ అంత హుషారుగా అతను మైకు పట్టుకోవడం ఎవరూ చూడలేదు.

బువాలై అందరికంటే ముందు నడుస్తోంది. మేడ కిటికీలు తెరుచుకుంటున్నాయి. "ఎవరి చెట్టు?" అని అడుగుతున్నారు. మొదటిసారి అడిగినప్పుడు ఆమె తనకే వినబడేలా చెప్పింది. రెండోసారి పక్కనున్నవాళ్ళకి వినబడేలా చెప్పింది. మూడోసారికి గట్టిగా చెప్పింది. "కమ్‌నోయ్! చింతచెట్టు ఇంటి పింగ్ పెద్దకూతురు, కమ్‌నోయ్!"

సరిగ్గా వంతెన మధ్యకి వచ్చేసరికి వెనక పెద్ద గుడి డప్పు మోగింది. మూడు గంటలు. పదహారు భుజాలూ తడబడ్డాయి. చెట్టు ఒక పక్కకి ఒరిగి, తాళ్ళు బిగిసి, నిలబడింది. అందరూ తవీ వంక చూశారు.

తవీ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మోగనివ్వండి! ఆ డప్పు గుడిలో ఉన్న చెట్లకి. ఇది గుడిలో లేదు. నడవండి!"

నది మీద అంత గోల ఎప్పుడూ లేచి ఉండదు.

రోంగ్ చాన్ గుడి ముందు చెట్టుని దింపేసరికి వెనక ఒక వీధి వీధే వచ్చి ఉంది. కర్రలవాళ్ళు కర్రలతోనే వచ్చారు. తాతస్వామి మంచాన్ని వసారా అంచుకి జరిపించుకున్నాడు. చెట్టుని కింద నుంచి గొడుగు దాకా చూశాడు.

"ఇంత పొడుగు చెట్టు నాకోసం ఎప్పుడూ నడిచి రాలేదు" అన్నాడు. తర్వాత కళ్ళజోడు దించి, తాటాకు ఎండకి పట్టుకుని, ఆ వయసువాడికి ఎక్కడినుంచి వచ్చిందో, ఖంగుమనే గొంతుతో చదివాడు.

"శుభం. చింతచెట్టుకి ఉత్తరాన ఇంట్లో పింగ్‌కీ కేవ్‌కీ పెద్దకూతురు కమ్‌నోయ్ అనే నేను నాలుగేళ్ళు కష్టపడి ఈ చెట్టు ఎత్తాను. ఈ పుణ్యం మా అమ్మకి, మా నాన్నకి, పోయిన తాతలకి, మా ఎద్దుకి, నేను దూది ఏకినప్పుడు తెలియక చచ్చిపోయిన పురుగులన్నిటికీ అందాలి."

బువాలై చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది. తాతస్వామి తాటాకుని కొంచెం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇంకా ఉంది. 'ఈ చెట్టుకని తెచ్చిన దువ్వెనలు మా చెల్లెలు బువాలై రెండు విరిచింది, ఒకటి దాచింది. దాచింది తెచ్చి కడితే సగం పుణ్యం దానికి. కట్టకపోతే పావు.'"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సీనువాన్ "దొంగా!" అని ఒక్క కేక పెట్టేసరికి గుడి ముందంతా నవ్వులే. మంగలి కర్ర కింద పడేసి మరీ నవ్వాడు. బువాలైకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. పదకొండేళ్ళ పిల్లలా ముందుకొచ్చి చెయ్యి ఊపింది.

"రెండు కాదు స్వామీ, ఒకటే! రెండోది దానంతటదే విరిగింది. అక్క నేనెంత చెప్పినా వినేది కాదు!"

"దాచినది?"

"దాచాను. కానీ ఈ చెట్టుకి ముప్పై కట్టాను కదా. లెక్కపెట్టుకోండి!"

"చీటీలో ఒకటే అడిగింది. సగం పుణ్యం నీదే పో" అన్నాడు తాతస్వామి. చెట్టు నుంచి వసారా దాకా లాగిన నూలుదారం కొనని వేళ్ళతో పట్టుకుని, దానం పుచ్చుకున్నాననడానికి మంత్రం చదివాడు. అందరూ ఒక్క గొంతుతో "సాధు, సాధు, సాధు" అన్నారు. పుణ్యం ధారపొయ్యడానికి ఎవరో నీళ్ళ చెంబు తెచ్చారు. చదివిన చీటీని కాల్చెయ్యాలి కనుక నిప్పుపెట్టె కూడా తెచ్చారు.

బువాలై నిప్పుపెట్టె తీసుకుంది గానీ పుల్ల గియ్యలేదు.

"స్వామీ, ఇంకొక్కసారి చదవండి."

"చీటీ ఒక్కసారే చదవాలక్కా" అన్నాడు తవీ పక్కనుంచి, పాత అలవాటుకొద్దీ.

బువాలై అతని వంక చూసింది. ఆ చెట్టు వంక చూసింది. అది దాటి వచ్చిన నది వంక చూసింది. తవీ తనంతట తనే మైకు తీసుకెళ్ళి తాతస్వామి నోటి దగ్గర పెట్టాడు.

"మొదటి నుంచా?" అన్నాడు తాతస్వామి కళ్ళజోడు సర్దుకుంటూ.

"మొదటి నుంచే స్వామీ, పేరు దగ్గర్నుంచి. అవతలి ఒడ్డుకి కూడా వినబడాలి."